జన్యురూపం తలరాత కాదు : ఆచార్య జె.బి.యస్. హాల్డేన్ జీవితం

సర్ సి.వి. రామన్ 1934లో బెంగుళూరు నగరంలో నెలకొల్పిన భారతీయ విజ్ఞాన అకాడమీ నుండి ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’ అనే పత్రిక వెలువడుతున్నది. జన్యుశాస్త్రానికి ఆంగ్ల భాషలో వెలసిన పత్రికలలో అత్యంత ప్రాచీనమైనది ఇదే. 1910లో ఇంగ్లండులో జన్మించిన ఈ పత్రిక సముద్రాలు దాటి భారతదేశానికి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం ఒక మహామేధావి జీవితంలో లభిస్తుంది. ఆ మేధావి భౌతికకాయం మన తెలుగునాట, కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు విద్యార్థుల పఠనార్థం చేరింది. ఆయనే ఆచార్య జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. జీవులు తల్లిదండ్రుల నుండి ఏమి పొందుతాయి, పొందినదానిలో ఎంతవరకు వ్యక్తమవుతుంది అన్న విచారణకు గణిత పునాది వేసినవారిలో ఆయన ఒకరు.

హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డ్ నగరంలో జన్మించారు. స్కాట్లండుకు చెందిన సంపన్న కులీన వంశం వారిది. పెదతండ్రి బ్రిటిష్ మంత్రివర్గంలో ఉన్నత పదవులు నిర్వహించినవారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గురించి, గనులలో పుట్టే విషవాయువులను గురించి పరిశోధించిన ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. ఆయనకు ప్రయోగశాల అంటే నాలుగు గోడల మధ్య ఉండేది కాదు. చిన్నవాడైన కుమారుణ్ణి వెంటబెట్టుకొని బొగ్గుగనులలోకి దిగేవారు. ఒకసారి గనిలో మండే వాయువు పైభాగాన ఎలా పేరుకుంటుందో తెలియజెప్పదలచి, బాలుణ్ణి నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పజెప్పమన్నారు. కొంతసేపటికే బాలుడు ఊపిరాడక కూలబడ్డాడు. నేలకు దగ్గరగా ఉన్న గాలి మంచిదైనందున వెంటనే తేరుకున్నాడు. పుస్తకంలో చదివిన పాఠం మరుపుకు రావచ్చు గాని, ఒంటిపై జరిగిన పాఠం మరుపుకు రాదు. శాస్త్రం కోసం ముందు తన శరీరాన్నే పణంగా పెట్టాలన్న గుణం ఆయనకు అక్కడే అలవడింది.

మెండెల్ మహాశయుడు బఠాణీ మొక్కలపై జరిపిన ప్రయోగాలు 1866లో ప్రచురితమైనా ముప్పై నాలుగేళ్ళపాటు ఎవరి దృష్టికీ సరిగా రాలేదు. 1900లో అవి తిరిగి వెలుగులోకి వచ్చాయి. మరుసటి సంవత్సరమే, ఎనిమిదేళ్ళ హాల్డేన్‌ను తండ్రి మెండెల్ సూత్రాలపై జరిగిన ఒక ఉపన్యాసానికి తీసుకుని వెళ్ళారు. ఆ బీజం వృథా కాలేదు. కొన్నేళ్ళ తరువాత అన్నాచెల్లెళ్ళిద్దరూ ఇంటి తోటలో గినీ పందులను పెంచి, వాటి రంగులు తరతరాలకు ఎలా సంక్రమిస్తున్నాయో లెక్కలు కట్టారు. ఆ చెల్లెలు నయోమి తరువాతి కాలంలో ప్రసిద్ధ రచయిత్రి అయింది.

హాల్డేన్ ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీలోను విద్యాభ్యాసం చేశారు. ముందు గణితంలోను, తరువాత గ్రీకు, లాటిను సాహిత్య తత్త్వశాస్త్రాలలోను ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. ఆశ్చర్యకరమైన విషయమేమంటే, ఇరవయ్యవ శతాబ్దపు జీవశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యులైన ఈయనకు విజ్ఞానశాస్త్రంలో పట్టా లేదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగా సైన్యంలో చేరి ఫ్రాన్సులో కందకాల మధ్య పోరాడారు. ఎలుకలలో రెండు లక్షణాలు జతగా సంక్రమిస్తాయని చెల్లెలితోను, స్ప్రంట్ అనే మిత్రునితోను కలిసి కనుగొన్న విషయం 1915లో ప్రకటితమైంది. స్ప్రంట్ అప్పటికే యుద్ధభూమిలో నేలకొరిగాడు. ఆ వ్యాసం అచ్చయినది ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’లోనే. ఆ పత్రికతో ఆయనకు ఏర్పడిన అనుబంధం జీవితాంతం సాగింది.

మెసొపొటేమియా రణరంగంలో గాయపడిన హాల్డేన్‌ను చికిత్స కోసం భారతదేశానికి పంపారు. ఈ దేశం ఆయన మనసును ఆకట్టుకున్నది. కాని పాలకులకు, పాలితులకు మధ్య సమానత్వంతో కూడిన స్నేహం సాధ్యం కాని ఆనాటి పరిస్థితి ఆయనను బాధించింది. భారతీయులతో సమానునిగా మెలగగల రోజు వచ్చిననాడే తిరిగి రావాలని నిశ్చయించుకున్నారు. ఆ రోజు రావడానికి నలభై ఏళ్ళు పట్టింది.

హాల్డేన్ కృషిని గ్రహించడానికి జన్యురూపం అనే భావాన్ని కొంత తెలుసుకోవాలి. డెన్మార్కు దేశస్థుడైన విల్‌హెల్మ్ జొహాన్‌సెన్ చిక్కుడు జాతి గింజలపై ప్రయోగాలు చేశాడు. ఒకే మొక్క నుండి స్వపరాగ సంపర్కం ద్వారా తరతరాలుగా వచ్చిన సంతతిలో బరువైన గింజలను వేరుగా, తేలికైన గింజలను వేరుగా నాటి చూశాడు. రెండింటి సంతానపు సగటు బరువు ఒక్కటిగానే తేలింది. అంటే ఆ గింజల మధ్య కనిపించిన తేడా వంశం నుండి వచ్చినది కాదు, కాయలో గింజ ఉన్న చోటు, నేల, నీరు మొదలైన వాటి వలన వచ్చినది. 1903లో ప్రకటించిన ఈ ఫలితం ఆధారంగా 1909లో జొహాన్‌సెన్ మూడు పదాలను శాస్త్రలోకానికి అందించాడు. వంశపారంపర్యపు మూలకానికి జన్యువు అని, జీవి పొందిన జన్యువుల అమరికకు జన్యురూపం అని, కంటికి కనిపించే లక్షణాలకు దృశ్యరూపం అని ఆయన ఇచ్చిన పేర్లకు మన పాఠ్యపుస్తకాలలో తెలుగు అనువాదాలు ఏర్పడ్డాయి.

ఈ రెండు రూపాలూ ఒకటి కావు. పొడవు లక్షణానికి సంబంధించి రెండు జన్యువులు ఉన్న బఠాణీ మొక్కా, ఒక పొడవు జన్యువూ ఒక పొట్టి జన్యువూ ఉన్న బఠాణీ మొక్కా చూపుకు ఒకే విధంగా పొడవుగా ఉంటాయి. సంతానాన్ని చూసినప్పుడే వాటి భేదం బయటపడుతుంది. ఒక్క జన్యువుకు రెండు రూపాలుంటే మూడు జన్యురూపాలు సాధ్యం. అటువంటివి పది జన్యువులుంటే 59,049 జన్యురూపాలు సాధ్యమవుతాయి. మానవునిలో అటువంటివి లక్షలకొద్దీ ఉన్నవి కనుక, ఏకరూప కవలలను మినహాయిస్తే, అచ్చంగా ఒకే జన్యురూపం గల ఇద్దరు మనుష్యులు ఉండరనే చెప్పవచ్చు.

1923లో హాల్డేన్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్ర ఉపన్యాసకులుగా చేరారు. 1924 నుండి ప్రకృతి వరణంపై వరుసగా గణిత వ్యాసాలు వెలువరించారు. మాంచెస్టర్ ప్రాంతంలో 1848లో మొదటిసారిగా కనిపించిన నల్లని చిమ్మట, పొగ గొట్టాల మసితో చెట్లు నల్లబడిన ఆ సీమలో అర్ధశతాబ్దంలోపుననే తెల్లని చిమ్మటలను దాదాపుగా తొలగించివేసింది. ఇంత వేగంగా మార్పు రావాలంటే నల్లని చిమ్మటలు తెల్లని వాటికంటె సుమారు సగం మేర అధికంగా సంతానాన్ని మిగుల్చుకొని ఉండాలని ఆయన లెక్కగట్టి చూపారు. ఆర్.ఎ. ఫిషర్, సీవల్ రైట్ అనే మరి ఇద్దరు శాస్త్రజ్ఞుల కృషితో కలిసి ఈ లెక్కలు డార్విన్ సిద్ధాంతాన్నీ మెండెల్ సూత్రాలనూ ఒకే త్రాటిపైకి తెచ్చాయి. 1932లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకున్నది. 1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్ర ఆచార్యులయ్యారు.

రక్తం గడ్డకట్టని వ్యాధి హీమోఫీలియాను గురించి ఆయన చేసిన తర్కం చదువరులను నేటికీ అబ్బురపరుస్తుంది. ఆ వ్యాధి గల మగపిల్లలలో అధికులు ఆ రోజులలో సంతానం కలగకముందే మరణించేవారు. ఆ లెక్కన వ్యాధి ఎన్నడో అంతరించవలసింది. అయినా అంతరించలేదంటే, నశించిన జన్యువుల స్థానంలో కొత్తవి ఉత్పరివర్తనల ద్వారా పుడుతూ ఉండాలి. ప్రతి తరంలోను సుమారు 50 వేల జన్యువులలో ఒకటి ఈ విధంగా మార్పు చెందుతున్నదని 1935లో ఆయన అంచనా వేశారు. మానవుని జన్యువు ఎంత వేగంగా మారుతుందో సంఖ్యలో చెప్పిన తొలి ప్రయత్నాలలో ఇది ముఖ్యమైనది. అలాగే మధ్యధరా సముద్ర తీరవాసులలో కనిపించే తలసీమియా అనే రక్తవ్యాధి జన్యువు ఒక్కటే ఉన్నవారికి మలేరియా నుండి రక్షణ లభిస్తుందేమోనని 1949లో సూచించారు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో కొడవలి కణ జన్యువు విషయంలో అటువంటి రక్షణకు ఆధారాలు చూపాడు. రెండు పాళ్ళు కలిస్తే ప్రాణాంతకమైనది, ఒక పాలుగా ఉంటే ప్రాణరక్షకం అవుతున్నది. దోమ లేని దేశంలో ఆ రక్షణకు విలువే లేదు. కనుక ఇది మంచి జన్యువు, ఇది చెడ్డ జన్యువు అని పరిసరాలతో నిమిత్తం లేకుండా తీర్పు చెప్పడం సాధ్యం కాదు.

ఈ మాట కేవలం ప్రయోగశాలకు పరిమితమైనది కాదు. ఆ రోజులలో దీనిపై కోట్లాది జనుల బ్రతుకు ఆధారపడి ఉన్నది. జర్మనీలో నాజీలు పుట్టుకే సర్వస్వమని ప్రకటించి, తక్కువవారని ముద్ర వేసిన మనుష్యులకు నిర్బంధంగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయించారు. అటువంటి శాసనాలు మరికొన్ని దేశాలలోను ఉండేవి. హాల్డేన్ 1938లో వంశపారంపర్యాన్నీ రాజకీయాన్నీ గురించి ఒక గ్రంథం రచించి, ఆ వాదాలకు శాస్త్రం మద్దతు లేదని నిరూపించారు. దోషపు జన్యువులు చాలావరకు ఆరోగ్యవంతులలోనే అంతర్గతంగా దాగి ఉంటాయి కనుక, రోగులకు సంతానం లేకుండా చేసినంత మాత్రాన ఆ జన్యువులు తొలగిపోవని వివరించారు.

1946లో ఆయన ప్రకటించిన మరొక వ్యాసం జన్యురూప భావానికి చక్కని భాష్యం. రెండు జన్యురూపాలను రెండు వేర్వేరు పరిసరాలలో ఉంచితే నాలుగు ఫలితాలు వస్తాయి. వాటిని మంచి నుండి చెడ్డ వరకు 24 వరుసలలో పేర్చవచ్చు. పేర్ల తారుమారును లెక్కలోకి తీసుకోకపోతే వాస్తవంగా భిన్నమైన తీరులు 6 మిగులుతాయి. కొన్ని తీరులలో ఒక జన్యురూపం రెండు చోట్లా పైచేయిగా ఉంటుంది. మరికొన్నింటిలో ఒకచోట గెలిచినది మరొకచోట ఓడిపోతుంది. పరిసరాల సంఖ్య పెరిగిన కొద్దీ ఈ తీరుల సంఖ్య ఊహకు అందనంతగా పెరుగుతుంది. కనుక పుట్టుక గొప్పదా, పెంపకం గొప్పదా అని విడిగా అడగడమే సరికాదని ఆయన తేల్చారు.

తెలుగు రైతుకు తెలిసిన ఉదాహరణతో దీనిని సులభంగా గ్రహించవచ్చు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా స్థానం నుండి 1982లో వెలువడిన స్వర్ణ వరి వంగడానికి, ఒడిశాకు చెందిన ఒక ప్రాచీన వరి నుండి ముంపును తట్టుకునే జన్యువును చేర్చి స్వర్ణ సబ్-1 అనే రకాన్ని రూపొందించారు. అది 2009లో మన దేశంలో విడుదలైంది. మామూలు చేలో ఈ రెండూ పక్కపక్కనే పండితే తేడా కనిపించదు. చేను రెండు వారాలు నీట మునిగిననాడు మాత్రం ఒకటి కుళ్ళిపోతుంది, మరొకటి నీరు తీసిన తరువాత మళ్ళీ చిగురిస్తుంది. జన్యురూపంలోని శక్తి, పరిస్థితి వచ్చి అడిగేవరకు మౌనంగానే ఉంటుంది.

మహనీయుల జీవితాలలోనూ మచ్చలుంటాయి. వాటిని దాచడం విద్యార్థులకు మేలు చేయదు. హాల్డేన్ శ్రామికుల పక్షపాతి. కమ్యూనిస్టు పార్టీలో చేరి, వారి దినపత్రికలో సామాన్యులకు అర్థమయ్యే రీతిలో వందలాది విజ్ఞాన వ్యాసాలు రాశారు. 1939లో థీటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించినప్పుడు, కారణం కనుగొనడానికి గాలి చొరని గదిలో తానే కూర్చుని ప్రయోగాలు జరిపారు. అంతటి సాహసి సోవియట్ రష్యాలో లైసెంకో విషయంలో వెనుకాడారు. లైసెంకో జన్యువు అనేదే అబద్ధమని, పరిసరాలతో దేన్నైనా మార్చవచ్చని బోధించి, ప్రభుత్వ బలంతో జన్యుశాస్త్రాన్నే నిషేధింపజేశాడు. 1928లో హాల్డేన్‌ను రష్యాకు ఆహ్వానించిన మహాశాస్త్రజ్ఞుడు వవిలోవ్ 1943లో కారాగారంలో మరణించాడు. అయినా హాల్డేన్ 1948లో సైతం లైసెంకోను సూటిగా ఖండించలేదు. ఆ తరువాత పార్టీకి క్రమంగా దూరమయ్యారు గాని, ఆ మౌనం ఆయన కీర్తికి తగలని మరక అని అనలేము. పుట్టుకే సర్వస్వమన్న అసత్యాన్ని ధైర్యంగా ఎదిరించిన వ్యక్తి, పరిసరమే సర్వస్వమన్న అసత్యం ఎదుట తడబడ్డారు. తాను అభిమానించిన పక్షం తప్పు చేసినప్పుడు నిజం పలకడమే అన్నిటికంటె కష్టమని ఈ ఘట్టం బోధిస్తున్నది.

1956లో సూయజ్ కాలువ వద్ద బ్రిటన్ జరిపిన దండయాత్రను నిరసించిన హాల్డేన్ 1957లో ఆచార్య పదవిని వీడి, జన్యుశాస్త్రజ్ఞురాలైన భార్య హెలెన్ స్పర్వేతో కలిసి భారతదేశానికి తరలివచ్చారు. 1946 నుండి తాను సంపాదకత్వం వహిస్తున్న ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’ను వెంట తెచ్చుకున్నారు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై కలకత్తాలోని భారతీయ గణాంక శాస్త్ర సంస్థలో చేరారు. భారతీయ దుస్తులు ధరించారు, శాకాహారి అయ్యారు, 1961లో భారత పౌరసత్వం స్వీకరించారు.

ఖరీదైన పరికరాలు లేనిదే పరిశోధన జరగదని వాపోయే యువకులకు ఆయన వేరు దారి చూపారు. కళ్ళు, కాగితం, కలం, ఓర్పు ఉంటే చాలునన్నది ఆయన మార్గం. ఒక శిష్యుడు పారిజాతం చెట్టు క్రింద రాలిన పూల రేకులను వేల సంఖ్యలో లెక్కించాడు. ఒకే చెట్టు, ఒకే జన్యురూపం. అయినా పూవుకూ పూవుకూ రేకుల సంఖ్య మారుతున్నది. టి.ఎ. డేవిస్ కొబ్బరి చెట్ల ఆకుల వరుస ఎడమకు తిరుగుతున్నదా, కుడికి తిరుగుతున్నదా అని పరిశీలించి, ఆ తిరుగుడు తల్లి చెట్టు నుండి సంక్రమించేది కాదని 1962లో చూపించాడు. చూడడానికి వంశ లక్షణంగా తోచినదంతా వంశ లక్షణం కాదని ఈ రెండు చిన్న పరిశీలనలూ చాటాయి.

ఆయన శిష్యులలో తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. చెవులపై వెంట్రుకలు మొలిచే లక్షణం తండ్రి నుండి కుమారునికే సంక్రమిస్తున్నదని ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాల ఆధారంగా 1960లో ఆయన ప్రకటించారు. అనేక సంవత్సరాలు పాఠ్యపుస్తకాలలో నిలిచిన ఈ నిర్ణయం, దక్షిణ భారతీయులపై జరిపిన అణుస్థాయి పరీక్షల ఫలితాలు 2004లో వెలువడిన తరువాత నిలబడలేదు. శాస్త్రంలో శిష్యుని మాటైనా గురువు మాటైనా పరీక్షకు లోబడవలసినదే. కృష్ణారావు, మీరా ఖాన్ అనే మరొక పరిశోధకునితో కలిసి ఆంధ్రదేశపు మేనరికపు వివాహాలను, మేనమామతో అక్క కూతురి వివాహాలను అధ్యయనం చేసి 1960లోను, 1963లోను వ్యాసాలు ప్రచురించారు. మేనత్త, మేనమామ బిడ్డల పెళ్ళిలో పుట్టే సంతానానికి ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుండి వచ్చే అవకాశం 16లో 1 వంతు. మేనమామను పెళ్ళాడితే అది 8లో 1 వంతు. ఇంటి ఆస్తి ఇంట్లోనే ఉండాలని తలచే కుటుంబాలలో, తరతరాలుగా అంతర్గతంగా దాగిన దోషపు జన్యువు కూడ ఇంట్లోనే ఉండిపోయి ఒక బిడ్డలో జంటగా కలిసే ప్రమాదం ఉన్నది. మన పల్లెలలో తల్లుల కన్నీటికి కారణమైన కొన్ని రుగ్మతలకు ఈ లెక్కలో సమాధానం ఉన్నది.

హాల్డేన్ ముక్కుసూటి మనిషి. కోపమూ ఎక్కువే. అభిప్రాయభేదాల వలన 1961లో కలకత్తా సంస్థను వీడారు. ఒరిస్సా ప్రభుత్వ సహాయంతో 1962లో భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర, జీవగణిత ప్రయోగశాలను ప్రారంభించారు. కాని కాలం కలిసి రాలేదు. క్యాన్సర్ వ్యాధి సోకినదని తెలిసినప్పుడు, భయపడి దాచుకోకుండా పరీక్ష చేయించుకోవాలని ప్రజలకు నచ్చజెప్పడానికి ఆ వ్యాధిపైనే హాస్యకవిత రాసి అచ్చువేయించారు. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వర్‌లో తుదిశ్వాస విడిచారు. ఆయన కోరిక మేరకు పార్థివ దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. చిన్ననాట గనిలో తండ్రి నేర్పిన పాఠానికి అది చివరి అప్పగింత.

ఆయన అనంతరం హెలెన్ స్పర్వే, మరికొందరు శాస్త్రజ్ఞులు పత్రికను కొంతకాలం నడిపారు. మధ్యలో ఆగిపోయిన ఆ పత్రికను 1985లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ చేపట్టి పునఃప్రారంభించింది. 1915లో ఒక యువ సైనికుని తొలి జన్యుశాస్త్ర వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికకు ఈ విధంగా మన నగరం నిలయమైంది.

తలరాతను ఎవరూ మార్చలేరని మన పెద్దలు అనేవారు. జన్యురూపాన్ని కూడ కొందరు అటువంటి రాతగానే భావిస్తారు. ఫలానా ఇంటి బిడ్డకు చదువు రాదని, ఫలానా కులం వారికి లెక్కలు అబ్బవని తేలికగా తీర్పు చెప్పేవారు నేటికీ ఉన్నారు. పుట్టుకతో భేదాలు లేవని హాల్డేన్ ఎన్నడూ అనలేదు. అవి ఉన్నవని, అందుకే అందరికీ ఒకే మూస పనికిరాదని, ఎవరి శక్తి ఎక్కడ వికసిస్తుందో తెలియాలంటే ముందు తగిన పరిసరం కల్పించి చూడాలని ఆయన శాస్త్రం చెబుతున్నది. ముంపు వచ్చేవరకు స్వర్ణ సబ్-1 శక్తి ఎవరికీ కనిపించనట్లే, అవకాశం వచ్చేవరకు బిడ్డలోని శక్తి కనిపించదు. పాఠశాల చేయగల పని ఆ అవకాశాన్ని ప్రతి బిడ్డకూ కల్పించడం. ఆక్స్‌ఫర్డ్ ప్రభు కుటుంబంలో పుట్టి, భారత పౌరునిగా జీవించి, తెలుగు విద్యార్థుల ముందు చివరి పాఠంగా నిలిచిన హాల్డేన్ జీవితం, పుట్టుక మనిషి కథకు మొదటి పుట మాత్రమేనని నిరూపించింది.